తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ మళ్లీ నడవాలంటే: మెషిన్ బయటకు తీయడం నుంచి సర్వీసింగ్ దాకా

మీ ఇంట్లో బీరువా లాకర్‌లోనో, పాత పెళ్లి ఫొటోల పెట్టెలోనో ఒక కీ వాచీ కచ్చితంగా ఉండే ఉంటుంది. తాతయ్యదో, నాన్న పెళ్లికి అత్తగారు పెట్టిందో. డయల్ మీద చిన్నగా "హెచ్‌ఎంటీ" అని ఉంటుంది. కీ ఇస్తే రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, లేదా అసలు కదలదు. "పోయిందిలే" అని మళ్లీ లోపల పెట్టేస్తాం.

నిజానికి ఇలాంటి వాచీల్లో చాలావరకు పోయినవి కావు, ఆయిల్ ఎండిపోయినవి మాత్రమే. ఐదేళ్ల కిందటి ఫోన్‌కి ఒరిజినల్ బ్యాటరీ దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో, నలభై ఏళ్ల కిందటి వాచీని ఒక స్క్రూడ్రైవర్, ఒక ట్వీజర్‌తో చివరి స్క్రూ దాకా విప్పి, కడిగి, మళ్లీ నడిపించొచ్చు. దాంట్లో గమ్ లేదు, సీల్ లేదు, సాఫ్ట్‌వేర్ లాక్ లేదు. కానీ తప్పుగా చెయ్యి పెడితే మాత్రం పది సెకన్లలో నిజంగానే పోతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో మెషిన్‌ని ఎలా బయటకు తీస్తారు, ఏ వరుసలో విప్పుతారు, ఎక్కడ మనం ఆగిపోవాలి అన్నది స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఉదాహరణకి హెచ్‌ఎంటీ జనతా తీసుకుంటున్నాను. మిగతా కీ వాచీలకి కూడా దాదాపు ఇదే లాజిక్.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్

హెచ్‌ఎంటీ అంటే హిందుస్థాన్ మెషిన్ టూల్స్. 1953లో బెంగళూరులో మొదలైన ప్రభుత్వ రంగ సంస్థ. 1961లో జపాన్ కంపెనీ సిటిజెన్ టెక్నాలజీతో బెంగళూరులోనే వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. (హైదరాబాద్ చింతల్ వైపు ఉన్న హెచ్‌ఎంటీని చూసి చాలామంది అక్కడ వాచీలు తయారయ్యేవి అనుకుంటారు. అది మెషిన్ టూల్స్ యూనిట్.) జనతా, పైలట్, సోనా, కోహినూర్ లాంటివి చేతితో కీ ఇచ్చే మోడల్స్. కాంచన్ లాంటివి ఆటోమేటిక్.

1969 డిసెంబర్‌లో సైకో కంపెనీ ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టింది. అప్పటి నుంచి ప్రపంచమంతా బ్యాటరీ వాచీల వైపు తిరిగింది. మన దగ్గర 1984లో మొదలైన టైటాన్ క్వార్ట్జ్‌నే నమ్ముకుని మార్కెట్ పట్టేసింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో ఓకే చెప్పింది. అంటే మన ఇంట్లో ఉన్న పాత పీస్‌కి ఇప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్ సపోర్ట్ ఆశించలేం. దాన్ని బతికించాల్సింది మనమూ, బస్టాండ్ దగ్గర చిన్న గాజు పెట్టె ముందు కూర్చునే వాచీ మెకానిక్కూ.

లోపల అసలు ఏం జరుగుతుంది?

వాచీ షాపుల్లో లోపలి భాగం మొత్తాన్ని "మెషిన్" అంటారు. దాని పని సింపుల్‌గా చెప్పాలంటే ఇది:

మనం కీ ఇచ్చినప్పుడు ఒక గుండ్రటి డబ్బాలో ఉన్న పొడవాటి స్ప్రింగ్ చుట్టుకుంటుంది. ఇది బ్యాటరీ అనుకోండి. దీన్ని మెయిన్ స్ప్రింగ్ అంటారు, డబ్బాని బ్యారెల్ అంటారు. ఆ స్ప్రింగ్ విచ్చుకోవాలని చూస్తూ వరుసగా ఉన్న చక్రాలని తోస్తుంది. సెంటర్ వీల్ గంటకి ఒక చుట్టు, నాలుగో చక్రం నిమిషానికి ఒక చుట్టు తిరుగుతాయి.

ఏ అడ్డూ లేకపోతే స్ప్రింగ్ పవర్ మొత్తం కొన్ని సెకన్లలో ఖాళీ అయిపోతుంది. అందుకే చివర్లో ఒక కంట్రోలర్ ఉంటుంది. ఎస్కేప్ వీల్ అనే 15 పళ్ల చక్రం, దాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ప్యాలెట్ ఫోర్క్, ఆ ఫోర్క్‌ని అటూ ఇటూ తోసే బ్యాలెన్స్ వీల్. బ్యాలెన్స్ వీల్ మధ్యలో వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగ్ ఉంటుంది. అది బ్యాలెన్స్‌ని ఒకవైపు తిరగగానే వెనక్కి లాగుతుంది. టిక్ టిక్ శబ్దం ఇక్కడి నుంచే.

జనతాలో గంటకి 18,000 బీట్స్. అంటే సెకనుకి 5. మన ఫోన్లలో, క్వార్ట్జ్ వాచీల్లో టైమ్ చూసే క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. రెండూ చేసే పని ఒకటే: ఒకే వేగంతో కదిలేదాన్ని పెట్టుకుని లెక్కపెట్టడం. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి చెప్పాలంటే, బ్యాలెన్స్ వీల్ క్లాక్, చక్రాల వరుస కౌంటర్, ముళ్లు డిస్‌ప్లే.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఎస్కేప్ వీల్‌కి 15 పళ్లు. ఒక్కో పన్నుకి రెండు బీట్స్, అంటే చుట్టుకి 30. నిమిషానికి 300 బీట్స్ కాబట్టి ఎస్కేప్ వీల్ నిమిషానికి సరిగ్గా 10 చుట్లు తిరగాలి. ఈ మొత్తం సిస్టమ్‌లో బ్యాటరీ లేదు, చిప్ లేదు.

ఇంకో విషయం. డయల్ మీద "17 జ్యూవెల్స్" అని ఉంటుంది కదా, అవి నగల్లో వాడే రాళ్లు కావు. కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. చక్రాల ఇరుసుల చివరలు వీటి రంధ్రాల్లో తిరుగుతాయి. గట్టిగా, నున్నగా ఉంటాయి కాబట్టి అరుగుదల తక్కువ. వాటికి అమ్మకం విలువ పెద్దగా ఉండదు, పని విలువే ఎక్కువ.

విప్పకముందే రోగం కనిపెట్టండి

డీబగ్గింగ్‌లో మొదటి రూల్ ఇక్కడా అదే. కోడ్ ముట్టుకోకముందు లాగ్ చదవాలి.

కీ తిప్పుతుంటే ఎంతకీ టైట్ కాకపోతే మెయిన్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు, లేదా కీ ఇచ్చే దగ్గరి క్లిక్ పట్టుకోవట్లేదు.

కీ ఫుల్‌గా ఎక్కి గట్టిగా ఆగిపోయి, వాచీ మాత్రం నడవకపోతే పవర్ ఉంది కానీ బ్యాలెన్స్ దాకా చేరట్లేదు. సాధారణంగా ఎండిపోయిన ఆయిల్, దుమ్ము. "కీ ఎక్కువ ఇచ్చేశాం, అందుకే పోయింది" అని ఇంట్లో అంటుంటారు. స్ప్రింగ్ ఫుల్‌గా చుట్టుకుంటే వాచీ ఆగదు. చుట్టుకున్నా నడవట్లేదంటే సమస్య వేరే చోట ఉంది.

చేత్తో మెల్లగా అటూ ఇటూ ఊపితే కాసేపు నడిచి ఆగిపోతే మంచి సంకేతమే. బ్యాలెన్స్ ఇరుసు విరగలేదన్నమాట.

రోజుకి ఐదు పది నిమిషాలు ఫాస్ట్‌గా వెళ్తుంటే మొదట అయస్కాంతాన్ని అనుమానించండి. హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంత శక్తి ఎక్కితే దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ పరుగెడుతుంది. దీన్ని చెక్ చేయడానికి ఫోన్‌లో కంపాస్ యాప్ చాలు. వాచీని ఫోన్ చుట్టూ మెల్లగా జరపండి. ముల్లు బాగా కదిలితే అనుమానం బలపడినట్టే. డీమాగ్నెటైజర్ అనే చిన్న పరికరంతో విప్పకుండానే సరిచేయొచ్చు. బ్లూటూత్ స్పీకర్, మాగ్నెట్ ఉన్న ఫోన్ కేస్, ల్యాప్‌టాప్ మూత దగ్గర కీ వాచీ పెట్టకండి.

లోపల తుప్పు ఎర్రగా కనిపిస్తే, అద్దం లోపల ఆవిరి పడితే ఆలస్యం చేయకండి. నడిచినా నడిపించొద్దు.

కావాల్సిన టూల్స్

ఫోన్ రిపేర్ కిట్‌లోని స్క్రూడ్రైవర్లు చాలామట్టుకు పనికిరావు. వాచీ స్క్రూలన్నీ దాదాపు ఫ్లాట్ గాడి ఉన్నవే. బ్లేడ్ వెడల్పు గాడికి సరిపోవాలి. చిన్నదైతే జారి బ్రిడ్జ్ మీద గీత పడుతుంది.

- 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల మధ్య మూడు నాలుగు ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు
- సన్నటి కొనలున్న, అయస్కాంతం పట్టని ట్వీజర్
- కంటికి పెట్టుకునే ఐగ్లాస్
- మెషిన్ హోల్డర్
- ముళ్లు తీసే రెండు చిన్న లివర్లు
- గాలి కొట్టే రబ్బరు బ్లోయర్
- రబ్బరు వేలి తొడుగులు (చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుంది)
- గళ్లు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఒక్కో గడికి నంబర్

టేబుల్ మీద తెల్ల గుడ్డో, ఎత్తైన అంచున్న ట్రేనో పెట్టండి. కింద టైల్స్ ఉన్న గదిలో ఫ్యాన్ ఆపేయండి. వాచీ స్క్రూ ఎగిరి పడితే నువ్వుగింజని వెతికినట్టే. ప్రతి స్టెప్‌కి ఫోన్‌లో ఒక ఫొటో తీయండి. అదే మీ గిట్ కమిట్.

మెషిన్‌ని కేసు నుంచి బయటకు తీయడం

వెనక మూత రెండు రకాలు. అంచులో గాళ్లు ఉంటే తిప్పి తీసేది. చుట్టూ నున్నగా ఉండి ఒకచోట చిన్న సందు మాత్రమే ఉంటే కేస్ నైఫ్‌తో లేపి తీసేది. వంటింటి చాకు వాడొద్దు. జారితే చెయ్యి, వాచీ రెండూ పోతాయి.

మూత తీయగానే ఏ స్క్రూ కూడా ముట్టుకోకండి. ముందు పవర్ ఆఫ్ చేయాలి. ఫోన్ విప్పేటప్పుడు బ్యాటరీ కనెక్టర్ తీసినట్టే. బ్యారెల్ మీద పెద్ద పళ్ల చక్రం, దాని పక్కన చిన్న క్లిక్ కనిపిస్తాయి. కీ నాబ్‌ని వేళ్లతో గట్టిగా పట్టుకుని కొద్దిగా తిప్పితే క్లిక్ మీద ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సన్నటి మొనతో క్లిక్‌ని పక్కకి నెట్టి పట్టుకుని, నాబ్‌ని వేళ్ల మధ్య మెల్లమెల్లగా వెనక్కి జారనివ్వాలి. ఒక్కసారిగా వదిలేస్తే ఆ స్ప్రింగ్ పళ్లని విరిచేయగలదు.

తర్వాత కీ కాడ. ఇది బయటకు రాకపోతే మెషిన్ రాదు. కాడ లోపలికి వెళ్లేచోట పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కొన్నింట్లో స్క్రూ బదులు నొక్కే చుక్క ఉంటుంది. స్క్రూ అయితే ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయాలి. పూర్తిగా తీసేస్తే డయల్ వైపు ఉన్న సెట్టింగ్ లివర్ ఊడి పడుతుంది. అప్పుడు డయల్ తీస్తే తప్ప అది మళ్లీ కూర్చోదు. నాబ్‌ని మెల్లగా లాగుతూ చూడండి. బలం పెట్టాల్సి వస్తుందంటే ఇంకా సరిగ్గా వదులు కాలేదని అర్థం.

అంచున మెషిన్‌ని పట్టి ఉంచే ఒకటి రెండు కేస్ స్క్రూలు ఉంటే తీసి, కేసుని మెల్లగా బోర్లించండి. మెషిన్ డయల్‌తో సహా బయటకు వస్తుంది. వెంటనే కాడని తిరిగి లోపల పెట్టి స్క్రూ బిగించండి. ముళ్లు తిప్పడానికి, తర్వాత చెక్ చేయడానికి అది కావాలి.

ముళ్లు, డయల్

బయటికి కనిపించే డ్యామేజ్ ఎక్కువగా జరిగేది ఇక్కడే. నాబ్ తిప్పి ముళ్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కవర్ ముక్క పరిచి, దాని మీద నుంచి రెండు లివర్లని ముళ్ల కిందకి ఇరువైపులా జొనిపి, రెండింటినీ ఒకేసారి సమానంగా నొక్కాలి. ముళ్లు పైకి లేస్తాయి. ఎగరకుండా ప్లాస్టిక్ కాపాడుతుంది.

డయల్ వెనక రెండు సన్నటి కాళ్లుంటాయి. మెషిన్ అంచున పక్క నుంచి ఉన్న రెండు చిన్న స్క్రూలు వాటిని పట్టి ఉంచుతాయి. వాటిని వదులు చేస్తే డయల్ వచ్చేస్తుంది. డయల్‌ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి. నీళ్లు, స్పిరిట్, ఇయర్‌బడ్ ఏదీ తగలనీయొద్దు. పాత ప్రింట్ ఒక్క తుడుపుకే చెరిగిపోతుంది.

ఒక హెచ్చరిక. హెచ్‌ఎంటీ కాకుండా ఇంకా పాత విదేశీ వాచీ మీ చేతిలో ఉంటే, ముళ్ల మీదా అంకెల మీదా గోధుమ రంగుకి తిరిగిన చీకటి-మెరుపు పెయింట్ ఉంటే దాన్ని గీకొద్దు, ఊదొద్దు. 1960ల దాకా ఆ పెయింట్‌లో రేడియం వాడేవారు. మెరుపు పోయినా రేడియం పోదు. ఆ పొడి లోపలికి పీల్చడమే అసలు ప్రమాదం. అలాంటిది ఇంట్లో విప్పకండి.

విప్పే వరుస

డయల్ వైపు గంటల చక్రం ఊరికే ఎత్తితే వస్తుంది. దాని కింద నిమిషాల ముల్లుని మోసే క్యానన్ పినియన్ బిగుతుగా కూర్చుని ఉంటుంది. వంచకుండా నిటారుగా పైకి లాగాలి. ఇప్పుడు మెషిన్‌ని తిప్పండి.

1. బ్యాలెన్స్. అన్నింటికన్నా ముందు ఇదే, ఎందుకంటే అన్నింటికన్నా సున్నితం ఇదే. బ్యాలెన్స్‌ని పట్టుకున్న వంతెనలాంటి ముక్క స్క్రూ తీసి, దాని కింద ఉన్న సందులో స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొంచెం లేపితే వదులవుతుంది. బ్యాలెన్స్ వీల్ హెయిర్ స్ప్రింగ్‌కి వేలాడుతూ వస్తుంది. లాగకుండా, ఊగనీయకుండా తీసి పక్కన పడుకోబెట్టాలి. దీని ఇరుసు చివర మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. వాచీ కింద పడితే మొదట విరిగేది ఇదే. అందుకే జ్యూవెల్‌కి స్ప్రింగ్ సపోర్ట్ ఇచ్చి పారాషాక్ లాంటి షాక్ ప్రొటెక్షన్ పెట్టారు.

2. ప్యాలెట్ ఫోర్క్. తీసే ముందు ట్వీజర్ కొనతో ఫోర్క్‌ని కొంచెం కదపండి. టక్కున అవతలికి దూకితే ఇంకా పవర్ మిగిలి ఉంది. మళ్లీ క్లిక్ దగ్గరికి వెళ్లి పూర్తిగా వదలండి. పవర్ ఉండగా ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా బుర్రున తిరుగుతాయి, ఇరుసులు దెబ్బతింటాయి.

3. కీ వైపు చక్రాలు. బ్యారెల్ మీది చక్రం, దాని పక్కన క్రౌన్ వీల్. చాలా మెషిన్లలో క్రౌన్ వీల్ స్క్రూకి మర ఉల్టా ఉంటుంది. అంటే వదులు చేయాలంటే కుడివైపు తిప్పాలి. కొన్ని కంపెనీలు గుర్తుగా స్క్రూ తల మీద మూడు గీతలు పెడతాయి, అన్నీ పెట్టవు. ఒకవైపు రావట్లేదంటే బలం పెంచకుండా రెండో వైపు ట్రై చేయండి.

4. బ్రిడ్జ్‌లు, చక్రాలు, బ్యారెల్. బ్రిడ్జ్ స్క్రూల పొడవులు వేరువేరుగా ఉండొచ్చు. ఏ స్క్రూ ఎక్కడిదో ఆ గడిలోనే వేయండి. పొడవు స్క్రూని పొట్టిదాని చోట బిగిస్తే కింద ఉన్న చక్రానికి తగిలి వాచీ ఆగిపోతుంది.

5. మెయిన్ స్ప్రింగ్. బ్యారెల్ మూత తీస్తే స్ప్రింగ్ చుట్టలా కనిపిస్తుంది. వేళ్లతో అడ్డం పెట్టి మెల్లగా విడవాలి, లేదంటే ముఖం మీదకి ఎగురుతుంది. కళ్లజోడు పెట్టుకోండి. బయట పెట్టినప్పుడు స్ప్రింగ్ వెనక్కి ఎదురు వంపు తిరిగి "ఎస్" ఆకారంలో బాగా విచ్చుకోకుండా చుట్టలాగే ఉండిపోతే బలం పోయినట్టు. మార్చాలి.

కడగడం: ఇక్కడ ఐపీఏ వాడొద్దు

మదర్‌బోర్డులు క్లీన్ చేసే అలవాటు ఉన్నవాళ్లు నేరుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాటిల్ తీస్తారు. చక్రాలకి, బ్రిడ్జ్‌లకి పర్వాలేదు. కానీ ప్యాలెట్ ఫోర్క్ రాళ్లు, బ్యాలెన్స్ కింద ఉండే చిన్న ఇంపల్స్ రాయి, ఇవి లక్కతో అతికించినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. నానబెట్టారంటే రాళ్లు ఊడిపోతాయి. వాటిని మళ్లీ మైక్రాన్ల లెక్కలో సరైన చోట కూర్చోబెట్టడం మన వల్ల కాదు.

మన ఊళ్లలో మెకానిక్కులు ఎక్కువగా వాడేది పెట్రోల్. లైటర్లలో పోసే శుద్ధిచేసిన ద్రవం ఇంకా నయం, మరక మిగల్చదు. రెండూ మండేవే. కిటికీ తీసి, పొయ్యి, అగరబత్తి దగ్గర లేకుండా చేయండి. మెత్తటి బ్రష్‌తో చక్రాల పళ్లు, మొన చెక్కిన చెక్క పుల్లతో జ్యూవెల్ రంధ్రాలు తిప్పి తిప్పి శుభ్రం చేయాలి. పుల్ల నల్లగా రావడం ఆగేదాకా. చాలా వాచీల అసలు రోగం ఆ నల్లటి జిగురే.

ఆయిల్: తక్కువే మంచిది

కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె వేయొద్దు. మొదట బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకి పాకిపోయి, గట్టిపడి, మొదటికన్నా దారుణంగా తయారవుతుంది. వాచీ ఆయిల్స్ వేరే ఉంటాయి. మోబియస్ 9010 లాంటి పలచటి ఆయిల్ వేగంగా తిరిగే చక్రాలకి, బ్యాలెన్స్ జ్యూవెల్స్‌కి. డీ5 లాంటి చిక్కటిది బ్యారెల్, సెంటర్ వీల్ లాంటి నెమ్మదిగా, బలంగా తిరిగేవాటికి. 9415 ప్యాలెట్ రాళ్ల ముఖాలకి.

జ్యూవెల్ చుట్టూ ఉన్న చిన్న గుంటలో సగం నిండితే చాలు. పొంగితే ఆయిల్ మొత్తం బయటికి లాగేసుకుంటుంది, రంధ్రం ఎండిపోతుంది. ఇంకా ముఖ్యమైనవి: చక్రాల పళ్లకి ఆయిల్ వేయకూడదు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి వేయకూడదు. హెయిర్ స్ప్రింగ్‌కి ఒక్క చుక్క కూడా తగలకూడదు.

తిరిగి బిగించడం

విప్పిన వరుసకి ఉల్టా. ఒక్క జాగ్రత్త: చక్రాల మీద బ్రిడ్జ్ పెట్టాక స్క్రూలు వెంటనే బిగించకండి. ప్రతి ఇరుసు దాని రంధ్రంలో కూర్చుందో లేదో చూడాలి. బ్రిడ్జ్‌ని మెల్లగా నొక్కి ఉంచి బ్యారెల్‌ని కొంచెం తిప్పితే ఎస్కేప్ వీల్ దాకా అన్నీ స్వేచ్ఛగా తిరగాలి. అప్పుడే బిగించాలి. స్క్రూ సగంలో ఆగిపోతే ఏదో ఇరుసు కూర్చోలేదు. ఇంకో పావు చుట్టు బలంగా తిప్పితే ఇరుసు విరుగుతుంది. చివర్లో బ్యాలెన్స్ పెట్టగానే, కొంచెం కీ ఎక్కించి ఉంటే, దానంతట అదే ఊగడం మొదలవుతుంది.

ఫోన్‌తో టెస్టింగ్

మనలాంటివాళ్లకి నచ్చే పార్ట్ ఇదే. టైమ్‌గ్రాఫర్ యాప్స్ ఫోన్ మైక్‌తో టిక్ శబ్దం విని గ్రాఫ్ గీస్తాయి. వాచీని మైక్‌కి ఆనించి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టండి. బీట్ రేట్ 18,000 సెట్ చేయండి. మూడు నంబర్లు చూడాలి.

*రేట్:* రోజుకి ఎన్ని సెకన్లు ఫాస్ట్ లేదా స్లో. రోజుకి 86,400 సెకన్లు. 10 సెకన్ల తేడా అంటే దాదాపు 0.012 శాతం. పాత కీ వాచీ రోజుకి 20, 30 సెకన్ల లోపు ఉంటే హ్యాపీగా పెట్టుకోండి.

*యాంప్లిట్యూడ్:* బ్యాలెన్స్ ఎంత వెడల్పుగా ఊగుతోంది. ఫుల్ కీతో, డయల్ పైకి పెట్టినప్పుడు 270 డిగ్రీల పైన వస్తే సర్వీసింగ్ బాగా కుదిరినట్టు. 200 కిందకి పడితే ఎక్కడో రాపిడి ఉంది, లేదా స్ప్రింగ్ బలహీనం. ఈ నంబర్ లిఫ్ట్ యాంగిల్ అనే సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. యాప్స్‌లో మామూలుగా 52 డిఫాల్ట్‌గా ఉంటుంది. కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకెకన్నా, సర్వీస్‌కి ముందు తర్వాత తేడా చూడటం మేలు.

*బీట్ ఎర్రర్:* టిక్‌కి, టాక్‌కి మధ్య తేడా. 1 మిల్లీసెకను లోపు ఉంటే బాగుంది.

డయల్ పైకి, డయల్ కిందకి, నాబ్ కిందకి అని మూడు పొజిషన్లలో కొలవండి. రేట్ సరిచేయడానికి బ్యాలెన్స్ పక్కన ఉన్న ప్లస్, మైనస్ లివర్‌ని వెంట్రుకవాసి జరిపితే చాలు. కానీ యాంప్లిట్యూడ్ సరిగా లేకుండా లివర్‌తో ఆడుకోవడం అంటే బగ్‌ని ఫిక్స్ చేయకుండా అవుట్‌పుట్‌ని హార్డ్‌కోడ్ చేసినట్టే.

డయల్ కొత్తది వేయించాలా?

మా తాతయ్య జనతా డయల్ మీద ఆరు అంకె పక్కన గోధుమ రంగు మచ్చ ఉంది. పొలంలో చెమట, వాన కలిసి లోపలికి దిగిన గుర్తు. ఆయన పోయి పదేళ్లు దాటింది. మెషిన్ విప్పడం నేర్పించిన మా ఊరి మెకానిక్ పెద్దాయన "బాబూ, మెషిన్ బాగుంది, డయల్ కొత్తది వేసేద్దామా, మెరిసిపోద్ది" అన్నారు. మా అమ్మ ఒక్కటే మాట చెప్పింది: "ఆ మచ్చ పోతే అది మా నాన్న వాచీ ఎట్లా అవుతుందిరా?" మచ్చ అలాగే ఉంది.

ఇది సెంటిమెంట్ మాత్రమే కాదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే "రీఫర్బిష్డ్ హెచ్‌ఎంటీ" వాచీల్లో చాలావాటికి డయల్ కొత్త ప్రింట్, ముళ్లు ఒక మోడల్‌వి, కేసు ఇంకో మోడల్‌ది. నడుస్తాయి, మెరుస్తాయి కూడా. కానీ కలెక్టర్లు వాటికి విలువ ఇవ్వరు. ఒరిజినల్ డయల్ మచ్చలతో ఉన్నా దానికే విలువ. ఒకసారి రీప్రింట్ చేస్తే వెనక్కి తెచ్చే అన్‌డూ బటన్ లేదు. అద్దం గీతలు పడితే మార్చుకోండి, పట్టీ మార్చుకోండి, మెయిన్ స్ప్రింగ్ మార్చుకోండి. డయల్ విషయంలో మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని అడగకుండా నిర్ణయం తీసుకోవద్దు. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు డయల్, మెషిన్ ఫొటోలు తీసుకుని, "పాత పార్టులు తిరిగి ఇవ్వండి" అని ముందే చెప్పండి.

ఫైనల్‌గా: మీరు చేయాలా, మెకానిక్‌కి ఇవ్వాలా?

ఇంట్లో ఒక్కటే ఉన్న తాతయ్య వాచీతో నేర్చుకోవద్దు. ప్రొడక్షన్ సర్వర్ మీద ప్రాక్టీస్ చేయం కదా! వాచీ షాపుల్లో పాడైన మెషిన్లు డబ్బాల్లో పడి ఉంటాయి, అడిగితే తక్కువలోనే ఇస్తారు. నేను కూడా అలాంటి చచ్చిన మెషిన్‌నే నాలుగుసార్లు విప్పి బిగించాను. ఐదోసారి అది నడిచింది. ఆ తర్వాతే జనతా మూత తీశాను. అది కూడా పెద్దాయన పక్కన కూర్చుని. బ్యాలెన్స్ తీయడం, పెట్టడం ఆయన చేతే చేయించాను.

కాబట్టి నా సలహా ఇది. మూత తీసి చూడటం, కంపాస్ టెస్ట్, టైమ్‌గ్రాఫర్ రీడింగ్, డీమాగ్నెటైజ్ చేయడం: ఎవరైనా చేయొచ్చు. మెషిన్ బయటకు తీసి అద్దం, కేసు శుభ్రం చేయడం: రెండు మూడు డెడ్ మెషిన్ల మీద ప్రాక్టీస్ అయ్యాక. పూర్తి సర్వీసింగ్: ప్రాక్టీస్ మెషిన్‌కి మంచి యాంప్లిట్యూడ్ తెప్పించగలిగిన తర్వాతే. వంగిన హెయిర్ స్ప్రింగ్, విరిగిన బ్యాలెన్స్ ఇరుసు, ఊడిన ప్యాలెట్ రాయి: నేరుగా మెకానిక్ దగ్గరికి.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఫోన్‌లోని గ్రాఫ్ కూడా చూపించండి. "నూట తొంభై యాంప్లిట్యూడ్ వస్తోంది" అంటే నవ్వి, ఐగ్లాస్ పెట్టుకుని, మూత తీసి, మూడో చక్రం దగ్గర దుమ్ము ఉందని ఆయన వేలుతో చూపించొచ్చు. మా పెద్దాయన తర్వాత మా ఊళ్లో ఆ కుర్చీలో కూర్చునేవాళ్లెవరూ లేరు. మీ ఊళ్లో అలాంటి కుర్చీ ఇంకా ఖాళీ కాకపోతే, బీరువాలోని వాచీ ఈ వారమే బయటకు తీయండి.